తిన్నది ఒంటికి పట్టనప్పుడు

చలికాలం వచ్చిందంటే సూరత్‌లో తాపీ నది ఒడ్డున, అడాజన్ వైపు, సర్దార్ వంతెన దాపున పోంక్ దుకాణాలు వెలుస్తాయి. పాలు గట్టిపడీ గట్టిపడని జొన్న కంకుల్ని నిప్పుల్లో దోరగా కాలుస్తారు. వేడి తగ్గకముందే గుడ్డసంచిలో వేసి కర్రతో బాదుతారు. ఊక చెరిగేస్తే మిగిలేది పచ్చగా, మెత్తగా, కాస్త తీపి తగిలే గింజ. అదే పోంక్. నిమ్మ, మిరియం పట్టించిన సన్న కారప్పూస కలిపి ఇస్తారు. రాయలసీమలో ఊచబియ్యం తిని పెరిగినవాళ్లు మొదటి పిడికెడుకే ఆ రుచిని గుర్తుపడతారు.

గోధుమ పడని బిడ్డ ఈ పోంక్‌ను కడుపునిండా తినొచ్చు. జొన్నలో గ్లూటెన్ లేదు. కారప్పూస దగ్గర మాత్రం కాస్త ఆగాలి. శనగపిండిలోనూ గ్లూటెన్ లేదు గానీ, అందులో ఇంగువ పడి ఉండొచ్చు. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి గానీ మైదా గానీ కలుపుతారు. ఒక్క చిటికెతో కొంప మునగదు. అదే చిటికె పొద్దున కూరలో, మధ్యాహ్నం చారులో, సాయంత్రం కారప్పూసలో రోజూ పడుతుంటే, సీలియాక్ జబ్బు ఉన్న పేగు ఎన్నడూ పూర్తిగా కోలుకోదు.

గుజరాత్‌లోనూ ఉత్తరాదిలోనూ దీన్ని గోధుమ అలర్జీ అనేస్తుంటారు. అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్లినప్పుడు ఒంటి రక్షణ వ్యవస్థ పొరబడి సొంత చిన్నపేగు మీదే దాడికి దిగుతుంది. పేగు లోపలి గోడకు మఖమల్ గుడ్డ మీది నూగులా ఉండే చూషకాలు అరిగి చదునైపోతాయి. ఆహారంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. అవి పోయాక ఎంత తిన్నా లాభం లేదు. విరేచనాలు, ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి కాళ్లుచేతులు, ఎంత మందు వాడినా తగ్గని రక్తహీనత, వయసుకు తగ్గ ఎత్తు ఎదగకపోవడం వంటివి కనిపిస్తాయి. కొందరిలో ఇవేవీ పైకి కనిపించవు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటి పిల్లల గురించి ఏనాటి నుంచో అనే మాట ఒకటుంది: తిన్నది ఒంటికి పట్టడం లేదు. జబ్బును ఇంతకన్నా సూటిగా చెప్పలేం. కాకపోతే ఆ మాట నులిపురుగులకూ, క్షయకూ, ఒట్టి ఆకలికీ కూడా సరిపోతుంది. ఏది ఏదో తేల్చే పరీక్ష కోసం వైద్యులు వందేళ్లకు పైగా తిప్పలు పడ్డారు.

సూరత్‌కు రొట్టె రుచి మప్పినవాళ్లలో డచ్చివాళ్లున్నారు. వాళ్లు ఇక్కడ కోఠీ పెట్టింది 1616లో. అంతకు పదకొండేళ్ల ముందే, 1605లో, మన బందరులో దిగారు. అక్కడి వలందపాలెం పేరు వాళ్ల గుర్తుగా మిగిలిందే. 1825లో సూరత్‌లోని వాళ్ల కోఠీ ఇంగ్లీషువాళ్ల పరమైంది. డచ్చివాళ్లు వెళ్తూ వెళ్తూ తమ బేకరీని ఫరాంజీ పెస్తోంజీ దోతీవాలా అనే పార్శీ చేతిలో పెట్టారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. సూరత్ పేరు మోసిన బతాసా బిస్కెట్లు, నాన్‌ఖటాయీ ఆ పొయ్యి నుంచే వచ్చాయని ఆ కథ. ఈ గోధుమలోనే జబ్బుందని తర్వాత కాలంలో కనిపెట్టిన వైద్యుడు కూడా ఒక డచ్చివాడే కావడం చిత్రం.

ఆయన కన్నా ముందు లండన్ సంగతి చెప్పాలి. 1887 అక్టోబర్ 5న గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే వైద్యుడు ఒక ఉపన్యాసమిచ్చాడు. ఏడాది నుంచి అయిదేళ్ల మధ్య పిల్లల్లో కనిపించే ఈ జబ్బును పూసగుచ్చినట్టు వర్ణించాడు. పొట్ట అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన సీలియాక్ అనే పేరు అప్పుడు స్థిరపడింది. నయమవడమంటూ ఉంటే అది తిండి మార్పుతోనే అని గీ గట్టిగా నమ్మాడు. ఏ తిండి మార్చాలో ఆయనకు అంతుపట్టలేదు. రోజూ డచ్చి ఆల్చిప్పల మాంసం తిన్న ఒక బిడ్డ బాగా తేరుకుందని, ఆ కాలం దాటి ఆల్చిప్పలు దొరక్కపోయేసరికి మళ్లీ పడకేసిందని రాశాడు. 1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్లతో పిల్లల్ని బతికించాడు. అరటిపండులో మహిమ ఉందని లోకం నమ్మింది. రొట్టె మానడమే అసలు మందని ఎవరికీ తట్టలేదు.

తట్టింది విల్లెమ్ డికేకు. హేగ్ నగరంలో జూలియానా పిల్లల ఆసుపత్రి పెద్ద. రొట్టె పెట్టడం మానేస్తే బిడ్డ తేరుకుందని 1930ల్లోనే ఒక తల్లి చెప్పిన మాటను ఆయన కొట్టిపారేయలేదు. అసలు కథ అక్కడే మొదలైందని చెప్పాలి, ఆ తల్లి పేరు చరిత్రలో లేకపోయినా. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణ కింద హాలండ్ ఆకలితో అల్లాడింది. రొట్టె కరువై జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. ఊరంతా చిక్కి శల్యమవుతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకున్నారు. యుద్ధం ముగిసి రొట్టె రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. 1950లో డికే తన సిద్ధాంత వ్యాసాన్ని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించాడు. వైయర్స్ అనే వైద్యుడు, వాన్ డె కామర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆయనకు తోడయ్యారు. పిల్లల మలంలో ఎంత కొవ్వు పోతోందో కొలిచి, గోధుమ తిన్నప్పుడు అది పెరుగుతుందని, మానితే తగ్గుతుందని అంకెలతో చూపించారు. ఒంటికి పట్టడం లేదన్న మాటకు మొదటి కొలత అదే. రోజుల తరబడి మలం పోగుచేసి తూచాల్సిన పరీక్ష. పిల్లలకూ నర్సులకూ ఎంత యాతనో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత చూపు పేగు లోపలికి మళ్లింది. 1954లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ పాలీ ఆపరేషన్ చేసి తీసిన ముక్కల్లో చదునైన చూషకాల్ని గమనించాడు. పొట్ట కోయకుండానే నోటి గుండా గొట్టం పంపి పేగు ముక్క తీయొచ్చని 1956లో లండన్‌లో మార్గో షైనర్ చూపింది. మరుసటి ఏడే అమెరికా సైనిక వైద్యుడు విలియం క్రాస్బీ, ఇంజనీరు హైంజ్ కుగ్లర్‌తో కలిసి ఒక లోహపు గుళిక తయారుచేశాడు. ఆ గుళికకు పక్కన చిన్న రంధ్రం, లోపల స్ప్రింగు బిగించిన కత్తి, వెనక సన్నటి పొడుగాటి గొట్టం ఉంటాయి. బిడ్డ దాన్ని మింగాలి. అది కడుపు దాటి పేగులోకి దిగేదాకా గంటలకొద్దీ కాచుకోవాలి. ఎక్స్‌రేలో చోటు చూసుకుని బయటి నుంచి సిరంజితో గాలి లాగితే పేగు గోడ రంధ్రంలోకి వస్తుంది, కత్తి కదిలి గింజంత ముక్క తెగుతుంది. గొట్టం వెనక్కి లాగితే గుళికలో ఆ ముక్క ఉండాలి. ఒక్కోసారి ఉండేది కాదు. అప్పుడు మళ్లీ మొదటికొచ్చేది వ్యవహారం.

ఒక్కసారితో అయిపోయేదీ కాదు. 1969లో ఇంటర్‌లాకెన్‌లో సమావేశమైన ఐరోపా పిల్లల వైద్యులు మూడు బయాప్సీలు, అంటే మూడుసార్లు పేగు ముక్క తీసి చూడడం, కావాలన్నారు. గోధుమ తింటున్నప్పుడు ఒకటి, మాన్పించాక ఒకటి, మళ్లీ తినిపించి ఇంకొకటి. ఏళ్లు పట్టేది.

మన దేశంలో చాలామంది వైద్యులు దీన్ని తెల్లవాళ్ల జబ్బుగానే భావించేవారు. విరేచనాలతో వచ్చిన బిడ్డకు అంటురోగాల మందులు రాసేవారు. 1966లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఉత్తర భారత పిల్లల్లో సీలియాక్ గురించి మన వైద్యులే రాసిన వ్యాసం వచ్చింది. అయినా ఆ భ్రమ ఒక పట్టాన పోలేదు. ఇప్పటికీ రక్తహీనతకు ఇనుము మాత్రలు ఏళ్లకేళ్లు మింగించి, పేగు సంగతి అడగని సందర్భాలు తక్కువేం కాదు.

గుళికను పక్కకు నెట్టింది రక్తపరీక్ష. 1980ల్లో ఎండోమైసియల్ యాంటీబాడీల్ని గుర్తించారు. వాటిని చూడ్డానికి ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని, చెయ్యి తిరిగిన కన్ను కావాలి. ఆ యాంటీబాడీలు ఒంట్లో దేన్ని వెతుక్కుంటూ పోతున్నాయో 1997లో బెర్లిన్‌లో వాల్‌బుర్గా డీటెరిష్, డెట్లెఫ్ షుప్పాన్ బృందం కనిపెట్టింది. అది టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్. ల్యాబుల వాడుకలో టీటీజీ. తాళం ఏదో తెలిశాక దానికి సరిపోయే తాళంచెవుల్ని లెక్కపెట్టడం తేలికైంది. టీటీజీని ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో అంటించి, రక్తరసం పోసి, రంగు మారడాన్ని కొలిచే ఎలీజా పరీక్ష ఊరూరా వచ్చింది. సీలియాక్ అనుమానంతో ల్యాబుకు వెళ్తే మొదట చేసేది అలాంటి టీటీజీ పరీక్షే. దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా చూడమని అడగాలి. సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి టీటీజీ పరీక్ష వెతికే ఆ ఐజీఏ రకం యాంటీబాడీలే తయారుకావు. వాళ్లకు జబ్బున్నా రిపోర్టు శుభ్రంగా వస్తుంది.

మూడు బయాప్సీల కాలం అలా ముగిసింది. టీటీజీ సాధారణ హద్దుకు పది రెట్లు దాటితే, మరో నమూనాలో ఎండోమైసియల్ పరీక్ష కూడా పాజిటివ్ అయితే, పిల్లలకు బయాప్సీ లేకుండానే జబ్బు నిర్ధారించొచ్చని ఐరోపా పిల్లల వైద్యుల సంఘం 2020 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. గుళిక మింగి గంటలకొద్దీ కూర్చున్న ఆనాటి పిల్లలకు ఈ మాట వినే భాగ్యం లేకపోయింది.

ఇక తెలుగువాళ్ల సంగతి. తాపీకి అవతల లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరాల కిందటే వచ్చిన పద్మశాలీలు వాళ్లలో ఎక్కువ. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. ఊళ్లో అన్నం, జొన్నరొట్టె తిన్న ఇల్లు సూరత్‌కు వచ్చాక గోధుమరొట్టెకు అలవాటు పడడం సహజం. ఇటు గుజరాత్‌లోనూ పాత రోజుల జొన్నరొట్టె తగ్గింది. 1972లో ఉకాయ్ ఆనకట్ట పూర్తయి నీళ్లు పారాక ఈ జిల్లా పొలాల్లో చెరకు విస్తరించింది. పోంక్ ఏడాదికోసారి సరదాగా తినే తినుబండారమైంది.

పళ్లెం మారడానికీ ఈ జబ్బుకూ ఏమిటి సంబంధం? 2016లో అమెరికన్ జర్నల్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలో వచ్చిన మన దేశపు అధ్యయనం ఒకటి దీనికి కొంత జవాబు చెబుతుంది. ఢిల్లీ పరిసరాలు, అస్సాం, వేలూరు, ఈ మూడు చోట్ల 23,331 మందిని పరీక్షించారు. రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాన 1.23 శాతం మందిలో, అస్సాంలో 0.87 శాతంలో, వేలూరులో 0.10 శాతంలో కనిపించాయి. జబ్బుకు తావిచ్చే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు మాత్రం మూడు చోట్లా దాదాపు ఒకేలా, మూడింట ఒక వంతు మందికి అటూ ఇటూగా ఉన్నాయి. రోజుకు తినే గోధుమ ఉత్తరాన 455 గ్రాములు, వేలూరులో 25. దక్షిణాదివాళ్లకు ఈ జబ్బు రాదని కాదు, అన్నం తినేవాళ్లలో అది బయటపడడానికి అవకాశం తక్కువని దీన్నిబట్టి అనుకోవాలనిపిస్తుంది. కానీ అస్సాం లెక్క ఈ వాదనకు అడ్డం తిరుగుతుంది. అక్కడ తినేది 37 గ్రాములే, జబ్బు గుర్తులు మాత్రం ఉత్తరాదికి దగ్గర్లో ఉన్నాయి. కాబట్టి గోధుమ ఒక్కటే కారణం అనేయలేం. అయినా, దక్షిణాది జన్యువులతో గోధుమ నేలకు వెళ్లిన కుటుంబానికి వేలూరు లెక్క చూపించి ధైర్యం చెప్పడం మాత్రం తప్పు. సూరత్ తెలుగింట్లో బిడ్డ ఎదగకపోతే పరీక్ష చేయించాల్సిందే.

ఆ పరీక్ష వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో, రక్తపు బొట్టుతో, పది నిమిషాల్లో తేలాలి. బయోసెన్సర్ మీద ఆశలు పెట్టుకున్నది అందుకే.

బయోసెన్సర్ అంటే కొత్త మాటేం కాదు. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న ప్రతివాళ్లూ గ్లూకోమీటర్ రూపంలో దాన్ని చూసినవాళ్లే. అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1956లో ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్ తయారుచేశాడు. 1962లో దాని మీద ఒక ఎంజైమ్ పొర కప్పి గ్లూకోజ్‌ను కొలవొచ్చన్నాడు. 1975లో అది యెల్లో స్ప్రింగ్స్ కంపెనీ యంత్రంగా బజారుకొచ్చింది. జీవపదార్థమొకటి తనకు కావలసినదాన్ని పట్టుకుంటుంది, ఆ పట్టును కింద ఉన్న ఎలక్ట్రోడ్ కరెంటు అంకెగా మారుస్తుంది. ఇదే మొత్తం సూత్రం. గ్లూకోజ్ కోసం ఎంజైమ్ పెట్టినట్టే, సీలియాక్ కోసం టీటీజీని పెట్టొచ్చు కదా అన్న ఆలోచనతో ఈ శతాబ్దంలో పలు బృందాలు పనిలోకి దిగాయి.

స్పెయిన్‌లో ఒవియెడో, పోర్చుగల్‌లో పోర్టో శాస్త్రవేత్తలు కలిసి 2012లో ప్రచురించిన సెన్సర్‌ను దగ్గర నుంచి చూడాలి. సిరా మీద బతికే సూరత్ చీరల అచ్చువాళ్లకు అది ఇట్టే అర్థమవుతుంది. చీర మీద పువ్వు పడాలంటే చట్రానికి బిగించిన జాలీ గుడ్డ గుండా రంగును ఒత్తుతారు. ఈ సెన్సర్‌లోని ఎలక్ట్రోడ్‌ను కూడా అచ్చంగా అలాగే, కార్బన్ సిరాతో, చిన్న బద్ద మీద స్క్రీన్ ప్రింట్ చేస్తారు. దాని మీద కార్బన్ నానోగొట్టాలు, బంగారు నానోకణాలు పరుస్తారు, పైన టీటీజీ అంటిస్తారు. రక్తరసం చుక్క వేస్తే యాంటీబాడీలు ఉంటే వచ్చి అతుక్కుంటాయి. వాటిని గుర్తుపట్టే ఇంకో యాంటీబాడీని ఒక ఎంజైమ్ తగిలించి పంపుతారు. ఆ ఎంజైమ్ పనిచేసిన చోట వెండి పేరుకుంటుంది. ఆ వెండిని మళ్లీ కరిగించేటప్పుడు పుట్టే కరెంటును కొలుస్తారు. వెండి ఎక్కువుంటే యాంటీబాడీలు ఎక్కువున్నట్టు. జరీకి పేరుపడ్డ ఊళ్లో చెప్పదగ్గ కొలత.

అంతకన్నా పెద్ద ప్రయత్నం సీడీ-మెడిక్స్. ఐరోపా సంఘం డబ్బుతో 2008లో మొదలైంది. స్పెయిన్‌లోని తర్రగోనా విశ్వవిద్యాలయం నుంచి కియారా ఒసల్లివాన్ దాన్ని నడిపించింది. ఒకే కార్డులో యాంటీబాడీ పరీక్ష, హెచ్‌ఎల్‌ఏ జన్యు పరీక్ష రెండూ అయిపోవాలన్నది లక్ష్యం. అంతమంది కష్టపడ్డా గ్లూకోమీటర్‌లా మందుల షాపులో కొనుక్కునే సీలియాక్ సెన్సర్ మాత్రం రాలేదు. గ్లూకోజ్ రక్తంలో దండిగా ఉంటుంది, ఈ యాంటీబాడీలు అతి స్వల్పం. రక్తంలోని మిగతా ప్రోటీన్లు ఎలక్ట్రోడ్‌కు అడ్డదిడ్డంగా అంటుకుంటాయి. అంటించిన టీటీజీ నెలల తరబడి చెడకుండా ఉండాలి. చక్కెర రోగి రోజూ ఒక బద్ద వాడతాడు, సీలియాక్ అనుమానం ఉన్నవాళ్లకు ఏడాదికి ఒకటో రెండో చాలు. పెట్టుబడి పెట్టేవాళ్లకు ఆ లెక్క నచ్చలేదని అనుకోవాలి.

అందుబాటులోకి వచ్చినవి కాగితపు పట్టీ పరీక్షలు. గర్భ నిర్ధారణ కిట్‌లా గీత చూపిస్తాయి. వాటి బలం తెలియాలంటే హంగరీ చూడాలి. అక్కడ ఒక జిల్లాలో ఆరేళ్ల పిల్లలు 2,690 మందికి ఊరి నర్సులే వేలి నుంచి రక్తం తీసి అక్కడికక్కడే పరీక్ష చేశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లల్లో 37 మందికి జబ్బున్నట్టు బయాప్సీలో రుజువైంది. వాళ్లలో అంతకుముందు ఎవరైనా గుర్తించినది అయిదుగురినే. పట్టీ మీద లేత గీతను నర్సులు కొందరిలో గమనించలేకపోయారు. గీతకు బదులు అంకె చూపించే సెన్సర్ ఉంటే ఆ పొరపాటు తగ్గేది. అందుకే ఈ పని ఆగకూడదు. మన ఆశా కార్యకర్తల చేతికి రాదగ్గ పరికరం ఇది.

జబ్బు తేలాక ఇంకో అవసరం మొదలవుతుంది. ఈసారి పరీక్షించాల్సింది పళ్లేన్ని. ఒక చపాతీకి 30 గ్రాముల పిండి అనుకుంటే అందులో గ్లూటెన్ మూడు గ్రాముల దాకా ఉంటుంది. సీలియాక్ రోగికి రోజుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని పరిశోధకుల సలహా. అంటే చపాతీలో అరవయ్యో వంతు. కిలోకు 20 మిల్లీగ్రాములు మించని పదార్థాన్నే గ్లూటెన్ లేనిదిగా అమ్మాలని కోడెక్స్ ప్రమాణం, మన ఆహార భద్రతా సంస్థ నిబంధన కూడా. కంటికి కనిపించని ఆ అరవయ్యో వంతును పట్టుకోవడానికి జేబులో పట్టే గ్లూటెన్ సెన్సర్లు 2010ల్లో అమెరికా బజారులోకి వచ్చాయి. ఇంగువ డబ్బా ముందు నిలబడ్డ సూరత్ తల్లికి అలాంటిది ఎంత ఆసరా!

అది చేతికొచ్చేలోపు చేయగలిగినవి రెండున్నాయి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే తోబుట్టువులకూ తల్లిదండ్రులకూ కూడా టీటీజీ చేయించండి, బయటికి ఏ లక్షణమూ లేకపోయినా సరే. రెండోది ఇంకా ముఖ్యం. అనుమానం రాగానే, ఎవరో చెప్పారని, గోధుమ మాన్పించేస్తుంటారు. మానిన కొన్ని నెలలకు యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కోలుకోవడం మొదలవుతుంది. అప్పుడు ఎలీజా అయినా, సెన్సర్ అయినా, బయాప్సీ అయినా తేల్చలేవు. పరీక్ష అయ్యేదాకా బిడ్డకు రొట్టె మాన్పించకండి.